నడినెత్తి

మధ్యాహ్నం భోజనం కాగానే బిల్డింగు సెక్రటరీ గారు ఇతరుల తాళాలు లాగి చూడటానికి బయల్దేరేవారు. అది ఆయనకు ఎవరూ అప్పగించిన పని కాదు. బిల్డింగులో సగంమంది పగలంతా ఉద్యోగాలకు పోతారు. వాళ్ళ తలుపులకు తాళాలు వేలాడుతుంటాయి. వాటిలో ఏది సరిగ్గా పడిందో, ఏది పడలేదో ఎవరు చూస్తారు? అందుకని మూడయ్యేసరికి ఆయన చొక్కా తగిలించుకుని, కుడిచేతికి జేబురుమాలు చుట్టుకుని, పై అంతస్తు నుంచి మొదలుపెట్టేవారు. ఒక్కో తాళాన్నీ కిందికి లాగి, పక్కకు ఊపి, తృప్తిగా తల పంకించి తరవాతి తలుపు దగ్గరికి వెళ్ళేవారు. ఇతరుల తాళాలు జిడ్డుగా ఉంటాయని ఆయన నమ్మకం, అందుకే ఆ జేబురుమాలు. ఈ సంగతి ఆయన భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పుకుంటే అది సేవ ఎలా అవుతుందని ఆయన అనేవారు. చెప్పుకుంటే జనం ఊరుకోరని ఆవిడ అనేది.

ఊరు అలా పెరుగుతోంది మరి. వాళ్ళు ఈ ఫ్లాటు కొన్న కొత్తలో వంటింటి కిటికీ తీస్తే కనుచూపుమేర ఖాళీ నేల, దాని మీద నాలుగు మేకలు కనిపించేవి. ఇప్పుడు అదే కిటికీ తీస్తే ఎదుటి బిల్డింగువాళ్ళ పొయ్యి మీద పాలు పొంగడం కనిపిస్తోంది. స్టవ్ కట్టెయ్యమని కేకేద్దామంటే వాళ్ళ పేరు తెలియదు. ఎవరు ఎప్పుడు దిగుతున్నారో, ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో ఎవరికీ అంతుచిక్కడం లేదు. దానికి తోడు వెనక వీధిలో ఒక ఇంటికి కన్నం వేశారన్న వార్త వచ్చింది. ఆ వార్త వీధి చివరి నుంచి ఈ బిల్డింగుకు వచ్చేలోపు ఒక ఇల్లు మూడిళ్ళయింది, పోయిన టీవీ బీరువా అయింది. రెండో అంతస్తు బామ్మగారు చెప్పుల స్టాండుకు గొలుసు కట్టి తాళం వేశారు. బయటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా ఆ తాళంచెవి కనబడక సగం రోజులు ఇంట్లోనే ఉండిపోయేవారు.

అప్పుడే వరండాలో కెమెరా పెట్టించాలని తీర్మానించారు. రెండో అంతస్తు వరండాకు కిటికీలు లేవు. పగలైనా రాత్రైనా అక్కడ ఒకటే ట్యూబులైటు. కెమెరాను పైకప్పుకు బిగించినవాడు దాని గడియారంలో టైము పెట్టబోతుంటే సెక్రటరీ గారు అడ్డుపడ్డారు. "నువ్వాగు బాబూ. టైము దగ్గర పొరపాటు జరిగితే కేసు నిలబడదు" అని, కళ్ళజోడు సవరించుకుని తానే పెట్టారు.

గురువారం పొద్దున ఆయన కాఫీ తాగుతూ మొదటిసారి రికార్డింగు చూడటానికి కూర్చున్నారు. దొంగలు పగలు రారు కాబట్టి పగటి భాగం జోలికి పోలేదు. అర్ధరాత్రి నుంచి మొదలుపెట్టి ముందుకు జరుపుతూ పోయారు. రికార్డింగులో తెల్లవారుజామున మూడు దాటాక కాఫీ కప్పు నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఏమోయ్! ఇలా రా! దొరికాడు!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెరమీద నలుపు తెలుపుల్లో వరండా. పైనుంచి కనబడుతున్న ఒక మనిషి. మొహం లేదు, ఉన్నదల్లా భుజాలూ, నడినెత్తిన గుండ్రంగా మెరిసిపోతున్న బట్టతలా. వాడు ఒక్కో తలుపు దగ్గరా ఆగి తాళం లాగుతున్నాడు.

"చేతికి గుడ్డ చూశావా? వేలిముద్రలు పడకుండా! ఎంత ఆరితేరినవాడో!" అన్నారు సెక్రటరీ గారు. భయంతో పాటు ఆయన గొంతులో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది.

ఆవిడ తెర వంక చూసింది. భర్త వంక చూసింది. మళ్ళీ తెర వంక చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నిలబడి వడ్డిస్తుంటే ఆయన కూర్చుని తింటున్నారు. ఆ తల ఎప్పుడు పలచబడిందో, ఎప్పుడు నాణెమంత అయిందో, ఎప్పుడు అరచేయంత అయిందో పప్పు వడ్డిస్తూ, మజ్జిగ పోస్తూ ఆవిడ చూస్తూనే ఉంది.

"ఇది మీరే కదండీ."

"నేనా?"

"తాళాలు లాగేది ఇంకెవరు?"

"తెల్లవారుజామున మూడింటికా? ఆ టైములో నేనెక్కడున్నాను?"

"మంచం మీద. గురక పెడుతూ."

"మరి?"

ఆవిడ ఇరుకున పడింది. గురక నిజం, తల కూడా నిజం. "టైము సంగతి నాకు తెలీదు గానీ ఆ తల మాత్రం మీదే" అంది.

ఇక్కడ సెక్రటరీ గారికి నిజంగానే కోపం వచ్చింది. లేచి అద్దం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. అద్దంలో ముందు జుట్టు నల్లగా, ఏపుగా, దువ్విన గీత చెదరకుండా ఉంది. "నాకు బట్టతలా? ఇదేంటి మరి? గడ్డి మొలిచిందా?" అని ఆ పూటంతా ఆవిడతో మాట్లాడలేదు. నిజానికి ఆయన్ని అని లాభం లేదు. ఆయన మనిషి ఆజానుబాహువు. బిల్డింగులో ఆయన నెత్తి చూడాలంటే ఎవరైనా కుర్చీ ఎక్కాలి.

సాయంత్రానికి రికార్డింగులోంచి తీసిన ఆ తల ఫొటో బిల్డింగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. "మన వరండాలో బట్టతల దొంగ" అని సెక్రటరీ గారు శీర్షిక కూడా పెట్టారు. రాత్రి భోజనాల వేళకు బిల్డింగులో బట్టతలలున్న వాళ్ళందరి లెక్కా తేలింది. మూడో అంతస్తు డెంటిస్టుకు సగం బట్టతల, పైగా ఆయన పొట్టి. ఇక మిగిలింది మెట్ల కింద ఇస్త్రీ చేసే అతను. నున్నటి గుండు, మంచి పొడుగు, ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో ఎప్పుడు ఉండరో తెలిసిన మనిషి. ఇంకేం కావాలి? "నాకు ముందునుంచీ అనుమానమే" అని నలుగురు రాశారు. ఆ నలుగురి బట్టలూ అప్పటికి అతని బల్ల మీదే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున సెక్రటరీ గారు విచారణకు కిందికి దిగారు. ఇస్త్రీ అతను అంతకుముందు రోడ్డు పక్కన బండి పెట్టుకునేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బండి పోయింది. అప్పుడు ఈ మెట్ల కింద చోటిచ్చింది కూడా సెక్రటరీ గారే. ఇది కూడా పోతే, చుట్టుపక్కల లేస్తున్న అద్దాల బిల్డింగుల్లో అతనికి చోటిచ్చే మెట్లు లేవు. అన్నీ లిఫ్టులే.

అతను చొక్కా పరిచి, గిన్నెలో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించి, కాలరు లోపలి వైపు నుంచి మొదలుపెట్టాడు. పెట్టె కదులుతున్నంతసేపూ ఎడమచేయి ముందుగా వెళ్ళి ముడతల్ని నిమురుతోంది.

"ఏమయ్యా, రాత్రిళ్ళు నిద్ర బాగా పడుతోందా?"

"ఆఁ సార్. రోజంతా నిలబడే పని కదా. నడుం వాల్చానంటే ఒళ్ళు తెలీదు."

"అంటే తెల్లవారుజామున మూడింటికి నువ్వెక్కడున్నావో నీకే తెలీదన్నమాట."

"నిద్రపోయేవాడికి ఎలా తెలుస్తుంది సార్?"

"చూశావా!" అన్నారు సెక్రటరీ గారు, సగం కేసు గెలిచినట్టు. ఫోను తీసి ఫొటో చూపించారు.

ఇస్త్రీ అతను చాలాసేపు చూశాడు. గ్రూపులో ఏం నడుస్తోందో అతనికి అప్పటికే తెలుసు. పొద్దున బట్టలకని పైకి వెళితే రెండు తలుపులు అతని మొహం మీదే పడ్డాయి.

"ఇది నా తల కాదు సార్."

"ఎలా చెప్పగలవు? నీ నడినెత్తి నువ్వెప్పుడైనా చూసుకున్నావా?"

"లేదు సార్. ఎవరు చూసుకుంటారు?"

"అదీ సంగతి! ఎవరి నడినెత్తి వాళ్ళకి కనబడదు. అందుకే కెమెరా పెట్టించాం" అని సెక్రటరీ గారు ఫోను జేబులో పెట్టుకున్నారు. "చూడు, నాకు నీ మీద కక్షేం లేదు. ఆదివారం మీటింగు ఉంది. అందాకా పైకి రావద్దు. మీటింగులో ఏం తేలిస్తే అది."

"ఖాళీ చెయ్యమంటారా సార్?"

"నలుగురూ ఏమంటే అది."

కాలుతున్న గుడ్డ వాసన వచ్చింది. మాటల్లో ఇస్త్రీ అతను పెట్టె ఎత్తడం మరిచిపోయాడు. చటుక్కున ఎత్తేసరికి చొక్కా వీపు మీద, కాలరుకు కాస్త కింద, గోధుమరంగు మచ్చ పడింది. అతను ఆ మచ్చ వంక అలా చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కాల్చి ఎరగడు.

"ఎవరిదయ్యా అది?" అన్నారు సెక్రటరీ గారు జాలిగా.

"మీదే సార్."

ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే భార్య ఆయన తెచ్చిన చొక్కా మడత విప్పి చూసింది. గురువారం నాడు నవ్వుకున్న విషయం శుక్రవారానికి నవ్వులాట కాకుండా పోయింది. ఈ మనిషికి నోటితో చెబితే ఎక్కదు, కళ్ళతో చూడాలి. ఆవిడ సెలూన్‌కి ఫోను చేసింది.

"నాయనా, రేపు మా ఆయన్ని పంపిస్తున్నా. క్షవరం అయ్యాక వెనక అద్దం కూడా చూపించు."

"అమ్మా, ఆయన మా పాత గిరాకీ అమ్మా" అన్నాడు సెలూన్ అతను దీనంగా.

"పరవాలేదు. గిరాకీ పోతే నేను పూచీ."

సెలూన్ అతనికి ఒక పద్ధతి ఉంది. కుర్రవాళ్ళకు క్షవరం అయ్యాక చిన్న అద్దం వెనక పట్టుకుని, బాగుందా అని అడుగుతాడు. ఒక వయసు దాటినవాళ్ళకు ఆ అద్దం తీయడు. ముందు అద్దమే చాలా మర్యాదగా ఉంటుంది, వెనకది మనసు నొప్పిస్తుంది, మనసు నొచ్చినవాడు వచ్చే నెల వేరే సెలూన్‌కి పోతాడు. సెక్రటరీ గారికి ఆ అద్దం చూపించి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తు లేదు.

శనివారం పొద్దున కత్తెర టకటకలాడుతుంటే సెక్రటరీ గారు బట్టతల దొంగ కథంతా చెప్పారు. సెలూన్ అతను ఊఁ కొడుతూ పని ముగించి, మెడ మీద పౌడరు అద్ది, దువ్వెన పెట్టి, సొరుగులోంచి చిన్న అద్దం తీశాడు. దాన్ని తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఇక తుడవడానికి ఏమీ మిగలక, వెనక పట్టుకున్నాడు.

సెక్రటరీ గారు ముందు అద్దంలోకి చూశారు. అందులో చిన్న అద్దం, చిన్న అద్దంలో ఒక వెనక తల. గుండ్రంగా, మెరుస్తూ, గురువారం నుంచి ఆయన నిద్రలో కూడా వదలని ఆ తల.

"పట్టుకో! పట్టుకో! నీ వెనకాలే ఉన్నాడు!" అని గావుకేక పెట్టి, మెడకు కట్టిన గుడ్డతో సహా కుర్చీలో వెనక్కి తిరిగారు. వెనక గోడ, గోడ మీద క్యాలెండరు తప్ప ఏమీ లేవు. పక్క కుర్చీలో సగం గడ్డం గీసుకున్న మనిషి సబ్బు నురగతో సహా లేచి నిలబడ్డాడు.

"ఎటు పోయాడు?"

"ఎవరూ లేరు సార్" అన్నాడు సెలూన్ అతను మెల్లగా. "మీరే సార్."

ఆయన మళ్ళీ అద్దం వైపు తిరిగారు. తల కొంచెం ఎడమకు వంచారు. దొంగ కూడా వంచాడు. కుడికి వంచారు. వాడూ వంచాడు. చెయ్యెత్తి నడినెత్తిన పెట్టుకున్నారు. వేళ్ళకు వెంట్రుక తగలలేదు, చల్లగా నున్నగా ఏదో తగిలింది.

"ఇది... ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది సార్."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన లిఫ్టు ఎక్కలేదు. రెండో అంతస్తులో ఆగి, కెమెరా కింద నిలబడి, ఆ కెమెరా బొమ్మను ఫోనులో చూసుకున్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. కెమెరా టైములో మాత్రం అర్ధరాత్రి దాటింది. పగలును రాత్రి చేసినవాడెవడో ఆయనకు వెంటనే గుర్తొచ్చింది.

ఇంట్లోకి వచ్చి కూర్చున్నారు. భార్య మంచినీళ్ళిచ్చింది. "చూశారా?" అని మాత్రం అడిగింది.

"చూశాను." గ్లాసు ఖాళీ అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నారు. "రేపు మీటింగులో నేనే చెప్తాను. పాపం పేదవాడు, ఈసారికి క్షమించి వదిలేద్దాం అంటాను. కెమెరా రికార్డింగు కూడా చెరిపేద్దాం. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"ఏం చేశాడని క్షమించడం?"

"ఏదో ఒకటి. అతని చోటు అతనికి ఉంటుంది కదా."

"చెయ్యని తప్పుకి క్షమించడం కన్నా నాలుగు తన్నడం నయం" అంది ఆవిడ. "అతను రేపట్నుంచి మీ దయ మీద బతికే దొంగ అవుతాడు. మీరు మాత్రం జుట్టున్న పెద్దమనిషిగా ఉంటారు."

ఆ రాత్రి ఆయన గురక వినబడలేదు.

ఆదివారం పొద్దున కింద బండ్లు పెట్టే చోట కుర్చీలు వేశారు. ఆ పక్కనే మెట్లు, మెట్ల కింద బల్ల, బల్ల వెనక ఇస్త్రీ అతను. అతన్ని మీటింగుకు పిలవలేదు. కానీ అతనికి వినబడకుండా మాట్లాడాలని అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ముప్ఫైమంది గుసగుసలాడితే ఊరంతా వినబడుతుందని ఎవరికీ తట్టలేదు. అతను తల ఎత్తకుండా బామ్మగారి దుప్పటి మడత పెడుతున్నాడు.

డెంటిస్టు ఫొటోను పెద్దది చేసి ల్యాప్‌టాప్‌లో అందరికీ చూపించాడు. నోట్లో పుచ్చుపన్ను చూపించినట్టు పెన్ను పెట్టి చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడ వెంట్రుకలు అస్సలు లేవు. గమనించండి" అన్నాడు. ఆ మాట అంటూ తన సగం బట్టతల మీద టోపీ సర్దుకున్నాడు. అనవసరమైన అనుమానాలు రాకుండా అతను గురువారం నుంచీ టోపీ తీయడం లేదు.

సెక్రటరీ గారు చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. కాలిన చొక్కానే వేసుకొచ్చారు. ఎందుకు వేసుకున్నారో భార్యకు కూడా చెప్పలేదు.

"సరే, తేల్చేద్దాం" అన్నాడు డెంటిస్టు. "ఈ బట్టతల దొంగని మెట్ల కింద నుంచి ఖాళీ చేయించాలనేవాళ్ళు చెయ్యెత్తండి."

బట్టతల దొంగ అన్న మాట వినబడిందో లేదో సెక్రటరీ గారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే లేచి నడినెత్తిన వాలింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళ గురించి మనం వినే ఉన్నాం. గుమ్మడికాయే తన భుజాల మీద ఉన్నప్పుడు పాపం ఆయన మాత్రం ఏం తడుముకుంటారు?

"సెక్రటరీ గారిది కూడా కలిపితే అన్ని ఫ్లాట్లూ ఎత్తినట్టే" అన్నాడు డెంటిస్టు.

"నాది ఓటు కాదు" అన్నారు సెక్రటరీ గారు.

"మరి చెయ్యెందుకు ఎత్తారు?"

క్షమించి వదిలేద్దాం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అటు పక్క ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. ముందు వరసలోంచి భార్య వెనక్కి తిరిగి చూస్తోంది. సెక్రటరీ గారు చెయ్యి దించారు. కుర్చీల మధ్యలోంచి నడిచి ముందుకు వచ్చారు. ఏ మీటింగులో చూసినా మన బిల్డింగు ఎవరి ముందూ తల దించుకోకూడదని చెప్పే మనిషి, అందరి ముందూ నడుం దాకా వంగి, తల దించి నిలబడ్డారు.

ఎవరికీ అర్థం కాలేదు. బామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చారు. ఒకసారి ల్యాప్‌టాప్ చూశారు, ఒకసారి నెత్తి చూశారు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇదేరా ఆ తల!"

"మధ్యాహ్నం మూడింటికి బామ్మగారూ" అన్నారు సెక్రటరీ గారు వంగే ఉండి. "తాళాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి. టైము తప్పు పెట్టింది కూడా నేనే."

మొదట నవ్వింది ఆయన భార్యే. ఆ తరవాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. డెంటిస్టు టోపీ తీసి విసనకర్రలా విసురుకున్నాడు. నవ్వులన్నీ అయిపోయాక ఒకరి తరవాత ఒకరు మెట్ల కిందికి చూడటం మొదలుపెట్టారు. అటు చూసినవాళ్ళు మళ్ళీ నవ్వలేదు.

ఇస్త్రీ అతను పెట్టెను నిలబెట్టి బయటికి వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో ఫొటో చూశాడు. సెక్రటరీ గారి నెత్తి చూశాడు. తన గుండు మీద అరచేయి వేసి ఒకసారి నిమురుకున్నాడు.

"నాది ఇంకా నున్నగా ఉంటుంది సార్" అన్నాడు.

సెక్రటరీ గారు నిటారుగా లేచారు. "తప్పయిపోయిందయ్యా. నీ చోటు ఎక్కడికీ పోదు."

"నా చోటు సంగతి సరే సార్. నేను పైకొస్తుంటే తలుపులేసుకున్నారు. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు, నోరు రాలేదు." అతను ఎవరి వంకా చూడకుండా బామ్మగారి దుప్పటి మడతను చేత్తో అదిమాడు. "ఇకనుంచి నేను పైకి రాను. బట్టలు మీరే తెచ్చివ్వండి, మీరే పట్టుకుపోండి."

ఎవరూ కాదనలేదు. నాలుగో అంతస్తువాళ్ళు మాత్రం లిఫ్టు వైపు ఒకసారి చూసుకున్నారు.

"ఇంకోటి సార్. మూడింటికి నేను అన్నానికి ఇంటికెళ్తాను. ఇన్నాళ్ళూ మీ బట్టలు బల్ల మీద అలాగే వదిలేసి పోయేవాణ్ణి. ఎవరు తీస్తారులే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఊళ్ళో దొంగలెక్కువయ్యారంటున్నారుగా. ఎవరో ఒకరు కాపలా ఉండాలి."

"నేనుంటాను" అన్నారు సెక్రటరీ గారు.

సోమవారం మూడయింది. సెక్రటరీ గారు భోజనం చేసి చొక్కా తగిలించుకున్నారు. జేబురుమాలు తీసుకోబోయి, అక్కడే పెట్టేసి కిందికి దిగారు. ఇస్త్రీ అతను పెట్టె తీగ ఊడదీసి, "తెల్ల మూట డెంటిస్టు గారిది సార్, ఆయన వస్తే ఇవ్వకండి, ఇంకా అవలేదు" అని చెప్పి ఖాళీ టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. సెక్రటరీ గారు బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. స్టూలు చిన్నది, మనిషి పొడుగు. మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని, తెల్ల మూట ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చోవాల్సి వచ్చింది. తలుపులకు వేలాడే తాళాలను లాగకుండా ఒక మధ్యాహ్నం గడపడం ఆయనకు కష్టంగానే ఉంది. బట్టల మూటలోంచి వచ్చే గోరువెచ్చని వాసనకు మాత్రం కునుకు పట్టింది.

జేబులో ఫోను మోగింది. మొదటి అంతస్తులోకి నిన్న సాయంత్రమే దిగిన కొత్త అమ్మాయిని డెంటిస్టు పొద్దున గ్రూపులో చేర్చాడు. ఆ అమ్మాయి మెట్ల రెయిలింగు మీంచి తీసిన ఫొటో పెట్టింది. కింద ఇలా రాసింది:

"మెట్ల కింద ఎవరో బట్టతల మనిషి ఎవరిదో బట్టల మూట పట్టుకుని కూర్చున్నాడు. చూస్తే అనుమానంగా ఉంది. ఎవరికైనా తెలుసా అండీ?"

గ్రూపులో అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఎవరూ జవాబివ్వలేదు. సెక్రటరీ గారు ఫొటోను దగ్గరికి తెచ్చుకుని చూశారు. ఈసారి వెంటనే గుర్తుపట్టారు. కళ్ళజోడు సవరించుకుని, మూట ఒళ్ళోంచి జారకుండా మోచేత్తో అదిమిపెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు.

"నేనే."